నా పంటిలో ఏం నింపారో చెప్పడానికి నెల రోజులా?

హెడ్డాఫీసు మేనేజర్ గారికి,

నమస్కారం. పోయిన నెల 6న మీ విజయవాడ బ్రాంచిలో కింది దవడ పన్నుకు ఫిల్లింగ్ చేయించుకున్నాను. డాక్టరు గారు మూడు రకాలు చెప్పారు. వెండి ఫిల్లింగ్ ఏళ్ల తరబడి ఉంటుంది కానీ అందులో దాదాపు సగం పాదరసమే. జీఐసీ అంటే గ్లాస్ అయనోమర్ సిమెంటు, చవక, ఫ్లోరైడ్ వదులుతుంది, కానీ నమిలే చోట త్వరగా అరుగుతుంది. కాంపోజిట్ పంటి రంగులో కలిసిపోతుంది, ఖరీదు ఎక్కువ. ఆలోచించుకుని కాంపోజిటే వేయమని 1,800 రూపాయలు కట్టాను.

మూడు వారాలకే ఒక అంచు ఊడింది. అందుకు నాకు కోపం లేదు. మా ఇంటి దగ్గరి డాక్టరు చూసి, ఇది జీఐసీలా ఉందమ్మా అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, కాంపోజిట్ గట్టిపడడానికి వేసే నీలి లైటు ఆ రోజు నాకు వేయనే లేదు.

అదేంటో చెప్పమని కౌంటర్‌కు ఫోన్ చేస్తే బిల్లు చూసుకోమన్నారు. బిల్లులో 'ఫిల్లింగ్ 1' అని తప్ప ఏమీ లేదు. కస్టమర్ కేర్ అమ్మాయి అన్నీ రాసుకుని 48 గంటల్లో తిరిగి ఫోన్ చేస్తామంది. చేయలేదు. నేనే నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ మొదటి నుంచి చెప్పించారు. ఒకతను నొప్పి ఉందా అని అడిగి, లేదనగానే "మరి ప్రాబ్లం ఏంటి మేడం" అన్నాడు. లీవు పెట్టి బ్రాంచికి వస్తే గంటన్నర కూర్చోబెట్టి, ఆ డాక్టరు గారు గుంటూరు బ్రాంచికి మారారన్నారు. గుంటూరు వాళ్లేమో రికార్డులు విజయవాడలోనే ఉంటాయన్నారు. వాట్సాప్‌లో మూడు మెసేజీలు పెట్టాను, చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. నిన్న అదే నంబరు నుంచి పళ్లు తెల్లబరిచే ఆఫర్ వచ్చింది. అది చూసి ఏడుపొచ్చింది నాకు.

ఆరేళ్లుగా మా ఇంటిల్లిపాదీ మీ దగ్గరికే వస్తున్నాం. మా అత్తయ్య గారి కట్టుడు పళ్లు, మా బాబు పాలపళ్లు మీరే చూశారు. పక్కింటి వాళ్లను కూడా నేనే పంపాను. అలాంటి మనిషికి ఒక్క మాట చెప్పలేకపోయారా?

నా కేసు షీటు కాపీ కావాలి, ఏ మెటీరియల్ వాడారో అందులో రాసి ఉండాలి. డబ్బు సంగతి ఆ తర్వాత మాట్లాడదాం. శనివారంలోగా రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఈసారి ఫోన్ చేసేవాళ్లు ముందు ఈ ఉత్తరం చదివి చేయండి. మళ్లీ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
మీ పాత పేషెంట్