ఆ అమ్మాయి పళ్ళకి క్లిప్పులు లేవురా

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. అంత పొడుగు ఉత్తరం రాసి, సగానికి సగం ఒక అమ్మాయి పళ్ళ మీదే రాశావు చూడు, నీ ఓపికకి దండం పెట్టాలి. సరే, ముందు ఆ పంచాయితీ తేల్చేద్దాం.

1979లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'మూన్‌రేకర్'. ఉక్కు పళ్ళ రౌడీ జాస్ శిథిలాల్లో ఇరుక్కుంటాడు. కళ్ళజోడు, రెండు జడలతో డాలీ అనే అమ్మాయి వచ్చి సాయం చేస్తుంది. వాడు ఉక్కు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతాడు. ఆ పిల్లా నవ్వుతుంది. ఆమె పళ్ళకి స్టీలు క్లిప్పులు మెరుస్తాయని, ఇద్దరూ ప్రేమలో పడింది అందుకేనని నీ వాదన. లేవురా బాబూ! మొన్న ఆ ముక్క ఆపి ఆపి మరీ చూశాను. మామూలు తెల్లటి పళ్ళు. నీతో కలిసి ఒట్టేసి చెప్పేవాళ్ళు లోకంలో బోలెడు మంది ఉన్నార్లే, బెంగపడకు. ఆ సీన్ నడకే అలాంటిది. వాడి నోట్లో ఇనుము కనబడ్డాక ఆమె నోట్లోనూ ఏదో ఒకటి ఉంటేనే జోకు పేలుతుంది. దర్శకుడు సగంలో వదిలేసినదాన్ని నీ బుర్ర పూర్తి చేసింది. నిజం చెప్పనా, నీ వెర్షనే బాగుంది. సినిమాలో లేదు, అంతే.

నాకు అర్థమైనంతలో సినిమాల విషయంలో మన మతిమరుపు ఇలాగే పనిచేస్తుంది. పోయేది తక్కువ, మనం చేర్చేది ఎక్కువ. అదీ ఇష్టమొచ్చినట్టు కాదు, సీన్ ఎటు మొగ్గితే అటు.

డైలాగులే చూడు. 'షోలే' అనగానే ఎవడైనా గొంతు మార్చి "అరే ఓ సాంబా, కితనే ఆద్మీ థే?" అంటాడు. గబ్బర్ "కితనే ఆద్మీ థే" (ఎంతమంది ఉన్నారు) అని అడిగింది ఓడిపోయి వచ్చిన కాలియానీ, వాడితో వచ్చినవాళ్ళనీ. సాంబాని అడిగింది తన తల మీద సర్కారు పెట్టిన బహుమానం ఎంతని. బండ మీద కూర్చున్న సాంబా చెప్పింది యాభై వేలని. రెండు ముక్కల్నీ మనమే కుట్టేశాం. 1980 నాటి 'స్టార్ వార్స్' సినిమా 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'లో విలన్ డార్త్ వేడర్ కూడా హీరోతో "ల్యూక్, ఐ యామ్ యువర్ ఫాదర్" అనడు. "నో, ఐ యామ్ యువర్ ఫాదర్" అంటాడు. తెర మీద ల్యూక్ ఎదురుగానే ఉన్నాడు కదా, పేరు పెట్టి పిలవాల్సిన పనేముంది? సినిమా బయట, నలుగురు కూర్చున్న చోట ఆ ముక్క చెప్పాలంటే మాత్రం పేరు కావాలి. సాంబా పేరు అతుక్కున్నదీ అందుకేనని నా అనుమానం. 'కాసాబ్లాంకా' అనగానే అందరూ చెప్పే "ప్లే ఇట్ అగైన్, శామ్"లోని "అగైన్" అసలు సినిమాలో లేదని నువ్వే రాశావు కాబట్టి దాన్ని వదిలేస్తున్నా.

నాకు వీటన్నిటికంటే విడ్డూరంగా తోచేది మార్లిన్ మన్రో తెల్ల గౌను. మెట్రో గాలికి ఎగిరే ఆ గౌనూ, నవ్వుతూ దాన్ని అదిమిపట్టుకునే ఆమే తల నుంచి కాళ్ళ దాకా నీ కళ్ళ ముందు కనబడుతోంది కదూ? 1955లో వచ్చిన 'ది సెవెన్ ఇయర్ ఇచ్' సినిమాలో ఆ షాటే లేదు. కాళ్ళు ఒక షాటు, ముఖం ఇంకో షాటు. నువ్వు చూసింది పబ్లిసిటీ కోసం తీసిన ఫొటో. న్యూయార్క్ వీధిలో షూటింగ్ పెడితే జనం కేకలు తట్టుకోలేక మళ్ళీ స్టూడియోలో తీసుకున్నారు. సినిమా చూడనివాళ్ళు కూడా ఆ సీన్ చూశామంటారంటే ఫొటో ఎంత పని చేసిందో చూడు.

హిచ్‌కాక్ 'సైకో' సంగతీ అంతే. షవర్ కింద హత్య జరిగే సీన్లో ఎర్రటి రక్తం గుర్తుందంటారు. అది నలుపు తెలుపు సినిమా, పారింది చాక్లెట్ సిరప్. కత్తి దిగిన చప్పుడు కర్బూజా జాతి పండులో పొడిచి రికార్డు చేసిందే.

వస్తువుల దగ్గరికొస్తే, 1981లో బ్రూయర్, ట్రేయెన్స్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఒకటుంది. 30 మంది విద్యార్థుల్ని ఒక్కొక్కరిగా తీసుకెళ్ళి, యూనివర్సిటీలోని ఒక ఆఫీసు గదిలో 35 సెకన్ల పాటు కూర్చోబెట్టారు. తర్వాత ఆ గదిలో ఏమేం చూశారో రాయమన్నారు. 9 మంది పుస్తకాలున్నాయని రాశారు. గదిలో ఒక్క పుస్తకమూ లేదు. చదువుకునేవాడి గది అంటే పుస్తకాలు ఉండి తీరాలని బుర్ర ముందే డిసైడైపోయింది మరి. ఆర్ట్ డైరెక్టర్లకి ఈ రహస్యం ఎప్పుడో తెలిసి ఉంటుంది. గోడకి గడియారం, బల్ల మీద గ్లాసు పెడితే చాలు, మిగతా ఇల్లు మనమే కట్టేసుకుంటాం.

అందుకే ఒక వస్తువు మీదే మన చూపు నిలవాలంటే వాళ్ళు ఏదో ఒక మాయ చెయ్యాల్సిందే. హిచ్‌కాక్ 1941లో 'సస్పిషన్' తీశాడు. మొగుడు పాల గ్లాసు పట్టుకుని చీకటి మెట్లెక్కి పెళ్ళాం గదికి వస్తుంటాడు. పాలల్లో విషం ఉందేమోనని మనకి టెన్షన్. హిచ్‌కాక్ ఆ గ్లాసు లోపల చిన్న బల్బు పెట్టించాడు! ఆ నీడల్లో గ్లాసు తెల్లగా వెలుగుతూ పైకొస్తుంటే, పక్కన మొగుడి వేషంలో కేరీ గ్రాంట్ అంతటి స్టారు నడుస్తున్నా చూపు పాల మీంచి కదలదు. నన్నడిగితే ఆ సినిమాలో హీరో ఆ గ్లాసే.

స్పీల్‌బర్గ్ 'జాస్'ది ఇంకో కథ (ఉక్కు పళ్ళ జాస్ వేరు, ఇది 1975 నాటి సొరచేప). షూటింగ్‌కి చేయించిన యంత్రపు సొరచేప సముద్రపు నీళ్ళలో మాటిమాటికీ మొరాయించింది. దాంతో చేపని చూపించే బదులు దానికి తగిలించిన పసుపు పచ్చ పీపాల్ని నీళ్ళ మీద పరిగెత్తించారు. ఉత్త ఖాళీ పీపాలు! అవి మనవైపు తిరిగితే గుండె ఝల్లుమంటుంది. పీపాలొచ్చిన చోటల్లా సొరచేపనే చూశామని జనం చెబుతారంటే ఆశ్చర్యమేముంది?

ఈసారి నలుగురు చేరినప్పుడు ఒక ప్రశ్న వెయ్యి: 1957 'మాయాబజార్'లో భీముడి వేషం ఎవరిది? ఎవడో ఒకడు ఠక్కున పేరు చెబుతాడు. ఆ సినిమాలో పాండవులు కనబడనే కనబడరు. ఘటోత్కచుడు అంత నిండుగా ఉంటే వాళ్ళ నాన్న లేడని ఎవరికి తడుతుంది చెప్పు!

ఇక మీ అన్నయ్య మాట. 'షోలే' చివర్లో ఠాకూర్ గబ్బర్‌ని చంపేశాడని, తను చూశానని అంటున్నాడని వెక్కిరిస్తూ రాశావు. తొందరపడకు. మొదట తీసింది అలాగే. సెన్సార్ వాళ్ళు ఒప్పుకోకపోతే, పోలీసులొచ్చి ఆపినట్టు మార్చి 1975లో విడుదల చేశారు. ఆ పాత ముగింపు తర్వాత వీడియోల్లో తిరిగింది కూడా. కాబట్టి ఆయనతో వాదన పెట్టుకునే ముందు 1975లో థియేటర్లో చూశాడో, తర్వాత క్యాసెట్‌లో చూశాడో కనుక్కో. క్యాసెట్ అంటే మాత్రం నోరు మూసుకుని క్షమాపణ చెప్పుకో. ఏం జరిగిందో వెంటనే రాయి.

ఉంటాను మరి,
నీ బావ