మీ ఫారంలో వికెట్ కీపర్‌కి కాలమ్ లేదు: క్రీడాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన క్రీడాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. ఈ విషయం మీద నేను రాయడం ఇది అయిదోసారి. మొదటి నాలుగూ అర్జీలు. నాలుగింటికీ రసీదులు నా దగ్గర ఉన్నాయి. ఒకదాని మీద స్టాంపు సరిగ్గా పడలేదు, తేదీ సగమే కనిపిస్తుంది. అయినా పారేయలేదు. అయిదోది కూడా అర్జీగా ఇస్తే అదే కట్టలోకి పోతుందన్న భయంతో నలుగురూ చదివేలా ఇలా రాస్తున్నాను. మీమీద గౌరవం లేక కాదు, ఓపిక అయిపోయి.

పథకం సంగతి మీకు తెలియనిది కాదు కాబట్టి మొదటినుంచీ చెప్పను. బస్తీల్లో ఉన్న ఆటస్థలాలకు మన పాత ఆటగాళ్ల పేర్లు పెడతామని, వాళ్లు ఏం ఆడారో పిల్లలకు తెలిసేలా బోర్డులు నిలబెడతామని ఒక సభలో ఒక పెద్దాయన మైకు పట్టుకుని అన్నారు. మేం మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాం. మర్నాడు సాయంత్రం సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్లో, ఒకప్పుడు లీగ్ మ్యాచ్‌లు ఆడిన ఆరుగురం కలిశాం. ఎవరి పేరు పంపాలన్న వాదనే రాలేదు. అందరి నోటా ఒకే పేరు. పోచయ్య కృష్ణమూర్తి. హైదరాబాద్ కీపర్. 1971లో మన జట్టు వెస్టిండీస్‌లో మొట్టమొదటిసారి సిరీస్ గెలిచినప్పుడు అయిదుకి అయిదు టెస్టులూ వికెట్ల వెనక నిలబడ్డ మనిషి.

ఆ తర్వాత కౌంటర్ దగ్గర జరిగింది మీరు వినాలి సార్. అది ఏ కార్యాలయమో ఇక్కడ రాయను. కుర్చీలో ఉన్నది చిన్న కుర్రాడు, మర్యాదస్తుడు. తప్పు అతనిది కాదు. ఫారం తీసి ఒక్కొక్కటే అడుగుతూ నింపాడు. టెస్టులు ఎన్ని అంటే 5 అన్నాను. పరుగులు ఎన్ని అన్నాడు. 33 అన్నాను. పెన్ను ఆపి నా మొహం వంక చూశాడు.

"ఒక మ్యాచ్‌లోనా సార్?"

"మొత్తం మీద బాబూ."

రాశాడు. తర్వాతి కాలమ్ వికెట్లు. ఆయన కీపర్ అని చెప్పాను. "అయితే బౌలింగ్ చెయ్యలేదు కదా, సున్నా వేస్తాను" అన్నాడు. వేశాడు. సెంచరీల దగ్గర ఇంకో సున్నా. పతకాల దగ్గర ఒక అడ్డగీత. ఫారం నాకు తలకిందులుగా కనబడుతోంది, అయినా ఆ సున్నాలు మాత్రం సున్నాలుగానే కనబడుతున్నాయి. ఏడు క్యాచ్‌లు, ఒక స్టంపింగ్ ఉన్నాయి, అవి రాయండి అని బతిమాలాను. "దానికి కాలమ్ లేదు సార్, ఇతర వివరాల్లో పెడదాం" అని, అడుగున ఉన్న ఒక్క వరస జాగాలో "8 (కీపర్)" అని రాశాడు. అంతే. మూడు నెలలకు జవాబు వచ్చింది. ప్రతిభకు సంబంధించిన వివరాలు చాలనందున పరిశీలించలేమట.

రెండోసారి ఆ అయిదు టెస్టుల స్కోరు కార్డులు జిరాక్స్ తీయించి జతచేశాను. అది వేరే సెక్షన్‌కి వెళ్లాలన్నారు. మూడోసారి ఆ సెక్షన్‌కే తీసుకెళ్తే, జిరాక్స్‌ల మీద గెజిటెడ్ అధికారి సంతకం కావాలన్నారు. నలభై కాగితాలకు సంతకాలు పెట్టించడానికి ఎన్ని గుమ్మాలు ఎక్కానో చెబితే మీకు విసుగొస్తుంది. నాలుగోసారి వెళ్లేసరికి ఆ కుర్రాడు బదిలీ అయిపోయాడు. ఫైలు పైకి వెళ్లిందన్నారు. పైకి అంటే ఎక్కడికి సార్? మీ దగ్గరికే అయితే దయచేసి ఒక్కసారి తెరిపించండి. ఫైలు రాకపోయి ఉంటే, అందులో ఏముందో ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

ఆ 33 పరుగుల మనిషి ఎక్కడ నిలబడ్డాడో చెబుతాను. ఆ జట్టులో మన హైదరాబాద్ వాళ్లు అయిదుగురు వెళ్లారు: జయసింహ, అబిద్ అలీ, గోవిందరాజ్, జయంతిలాల్, కృష్ణమూర్తి. అప్పటికి దేశంలో పేరున్న కీపర్ ఫరూఖ్ ఇంజినీర్. ఆయన ఇంగ్లండ్‌లో లాంకషైర్ కౌంటీకి ఆడుతున్నాడు, దేశవాళీ మ్యాచ్‌లు ఆడలేదని ఆ పర్యటనకు తీసుకోలేదు. ఆ చోటు ఇరవై మూడేళ్ల కృష్ణమూర్తికి వచ్చింది. అంతవరకూ ఒక్క టెస్టు కూడా ఆడని కుర్రవాడు. ఎదురుగా సోబర్స్, కన్హాయ్, లాయిడ్ లాంటి వెస్టిండీస్ మేటి బ్యాట్స్‌మన్లు. ఇటు మన బౌలింగ్ అంతా స్పిన్. వెంకటరాఘవన్, బేడీ, ప్రసన్న, దురానీ. నలుగురిలో ఏ ఇద్దరి బంతీ ఒకలా తిరగదు. వెంకటరాఘవన్ ఒక్కడే ఆ సిరీస్‌లో 22 వికెట్లు తీశాడు. వాళ్లందరికీ వికెట్ల పక్కనే కూర్చుని బంతి పట్టింది ఒక్కడే.

రెండో టెస్టు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో. మార్చి 10న గెలిచాం, ఏడు వికెట్ల తేడాతో. గవాస్కర్‌కి అది తొలి టెస్టు. సర్దేశాయ్ సెంచరీ కొట్టాడు. రెండో ఇన్నింగ్స్‌లో సోబర్స్‌ని, లాయిడ్‌ని దురానీ వెనక్కి పంపాడు. ఈ పేర్లన్నీ మీకు నోటికి వచ్చే ఉంటాయి, నాకూ వస్తాయి. సిరీస్ మొత్తంలో గవాస్కర్ 774, సర్దేశాయ్ 642. వాళ్ల అంకెల పక్కన 33 పెట్టి తూచితే ఏమవుతుంది సార్? తక్కెడ ఎగిరిపోతుంది. ఆ తక్కెడే తప్పు అని చెప్పడానికే నాలుగు అర్జీలు పెట్టాను.

నేను పదకొండేళ్లు లీగ్‌లో కీపింగ్ చేశాను, మోకాళ్లు పోయాక ఇంకో తొమ్మిదేళ్లు స్కోరు రాశాను. అందుకే రెండు వైపులా తెలుసు. బ్యాట్స్‌మన్ వదిలేసిన బంతి కీపర్ చేతిలో పడితే స్కోరర్ పుస్తకంలో ఒక చుక్క పెడతాడు, అదీ బౌలర్ పేరు కింద. కీపర్‌కి ఏమీ రాయడు. చెయ్యి జారి బంతి వెనక్కి పోతే మాత్రం బైస్ అని వేరే గడిలో పడుతుంది, మైదానమంతా చూస్తుంది. సరిగ్గా చేసినంతసేపూ కనబడని పని అది. మా అమ్మ వంటింట్లో చేసిన పని కూడా అలాంటిదే, ఉప్పు ఎక్కువైన రోజునే అందరూ ఆమెను తలుచుకునేవారు.

రోజుకి తొంభై ఓవర్లు అనుకోండి. 540 సార్లు కూర్చోవాలి, లేవాలి. స్పిన్నర్‌కి వికెట్ల దగ్గర కూర్చున్నప్పుడు బ్యాట్స్‌మన్ ఒళ్లు అడ్డం వస్తుంది, బంతి పిచ్ మీద పడ్డ చోటు ఒక్కోసారి కనిపించనే కనిపించదు. పైకి లేచే బంతితో పాటే లేవాలి. ముందే లేస్తే కాళ్ల కిందుగా పోతుంది, ఆలస్యమైతే ఛాతీకి తగులుతుంది. అప్పుడు కీపర్లకి హెల్మెట్లు లేవు. ఇన్నర్ గ్లవ్స్ రెండు జతలు తడిపి వేసుకున్నా వేలి చివరికి తగిలిన దెబ్బ భుజం దాకా వచ్చేది. నా కుడిచేతి ఉంగరం వేలు ఇప్పటికీ మధ్య కణుపు దగ్గర పక్కకి వంగి ఉంటుంది. చలికాలం పొద్దున్నే చొక్కా గుండీ పెట్టుకోవాలంటే మనవరాలిని పిలవాలి. నేను ఆడింది బస్తీ లీగు. ఆయన అయిదు టెస్టుల తర్వాత కూడా హైదరాబాద్‌కి రంజీలో ఏళ్లతరబడి కీపింగ్ చేశాడు, అన్నీ కలిపి వందకు పైగా ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు. ఆ చేతులు ఎలా ఉండి ఉంటాయో ఊహించండి. ఫారంలో ఆ చేతులకి కాలమ్ లేదు.

వెస్టిండీస్‌లో గెలిచి వచ్చాక అదే ఏడాది ఇంగ్లండ్ పర్యటన. ఇంజినీర్ తిరిగి జట్టులోకి వచ్చాడు. మంచి కీపర్, మంచి బ్యాట్స్‌మన్, ఆయన్ని తప్పుపట్టను. కృష్ణమూర్తి కూడా ఆ పర్యటనలో ఉన్నాడు కానీ ఒక్క టెస్టూ దక్కలేదు. ఓవల్‌లో మనవాళ్లు ఇంగ్లండ్ గడ్డ మీద తొలిసారి టెస్టు గెలిచి చరిత్ర సృష్టించిన రోజున ఆయన పెవిలియన్‌లో ఉండిపోయాడు. తర్వాత ఇంకో కీపర్ కిర్మానీ వచ్చాడు. 1976లో న్యూజిలాండ్‌లో ఒకే ఒక్క వన్డే ఆడించారు, కిర్మానీకి బదులు. అక్కడితో దేశం తరఫున ఆట ముగిసింది. తొలి సిరీస్‌లోనే చరిత్ర, ఆ తర్వాత మళ్లీ టెస్టే లేదు. ఇలాంటి కెరీర్ ఇంకొకటి చూపించండి, నేను అర్జీలు మానేస్తాను.

ఇది ఒక్క మన ఊరి జబ్బు కాదని తెలుసు. ఇంగ్లండ్‌లో సర్రే కౌంటీ కీపర్ ఎడ్వర్డ్ పూలీ 1868లో ఓవల్‌లో ససెక్స్ మీద ఒకే మ్యాచ్‌లో 12 మందిని అవుట్ చేశాడు. దాన్ని దాటడానికి ప్రపంచానికి నూటపాతికేళ్లకు పైగా పట్టింది. 1877లో మొట్టమొదటి టెస్టు జరిగే వేళకి ఒక పందెం గొడవ కేసులో న్యూజిలాండ్‌లో చిక్కుపడిపోయాడు. 1907లో లండన్‌లో బీదరికంలో పోయాడు. మన జనార్దన్ నవ్లే సంగతి చూడండి. 1932లో లార్డ్స్‌లో భారతదేశం ఆడిన తొలి టెస్టులో మన తరఫున మొదటి బంతి ఎదుర్కొన్నది ఆయనే, కీపరూ ఆయనే. చివరి రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీ దగ్గర వాచ్‌మన్‌గా చేశాడని చదివినప్పుడు ఆ పూట అన్నం సయించలేదు. కృష్ణమూర్తి గారికి అలాంటి కష్టం వచ్చిందని నేను అనడం లేదు. మరిచిపోవడం అన్నది వాళ్లందరికీ ఒకేలా జరిగింది, అంతే నేను అనేది.

ఆయన పుట్టింది 1947 జులై 12న, స్వాతంత్ర్యానికి నెల రోజుల ముందు. పోయింది 1999 జనవరి 28న. యాభై రెండు కూడా నిండలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో గుంటూరు కుర్రాడు ఎమ్మెస్కే ప్రసాద్ మొహాలీలో కీపర్‌గా తొలి టెస్టు ఆడాడు. 2023లో విశాఖ కుర్రాడు కె.ఎస్. భరత్ నాగ్‌పూర్‌లో తొలి టెస్టు ఆడాడు. ఆ రెండుసార్లూ టీవీ ముందు కూర్చుని నాకు కృష్ణమూర్తే గుర్తొచ్చాడు. మొన్న మా బస్తీలో గ్లవ్స్ వేసుకుని ప్రాక్టీసు చేస్తున్న ఒక పన్నెండేళ్ల పిల్లాడిని అడిగాను, హైదరాబాద్ నుంచి టెస్టులు ఆడిన కీపర్ ఎవరో చెప్పు అని. తెల్లబోయి చూశాడు. వాడి తప్పేముంది? వాడు రోజూ ఆడే గ్రౌండ్ గేటు మీద పేరు లేదు, బోర్డు లేదు, లోపల కనీసం తాగడానికి కుళాయి కూడా లేదు.

మేం అడిగింది పెద్దదేం కాదు. కోట్లు ఖర్చుపెట్టి స్టేడియం కట్టమనలేదు. ఎక్కడైనా ఒక చిన్న ఆటస్థలం, ఒక నెట్, ఒక రేకుల షెడ్డు అయినా సరే, దానికి ఆయన పేరు పెట్టండి. మేం తిరిగిన చోట్ల ఆయన పేరు మాకు ఎక్కడా కనబడలేదు. ఎక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్లి చూసి వస్తాం. ఆయనతో ఆడిన వాళ్లు కొంతమందైనా ఇంకా మన మధ్య ఉన్నారు, వాళ్లు చెప్పేది వాళ్లున్నప్పుడే రాయించి పెట్టండి. పాత స్కోరు బుక్కులు ఏ బీరువాల్లో చెదలు తింటున్నాయో వెతికించండి. ఖర్చు గురించి ఆలోచిస్తే బోర్డు మేం రాయిస్తాం, మా ఆరుగురిలో ఒకాయన బోర్డుల పనే చేసేవాడు. ఇప్పుడు ఆరుగురం కాదు, నలుగురమే మిగిలాం.

ఇవేవీ కుదరకపోతే, కనీసం ఆ ఫారం మార్పించండి. పరుగులు, వికెట్లు అని ఉన్న చోట క్యాచ్‌లు, స్టంపింగ్‌లు అని ఇంకో రెండు కాలమ్‌లు పెట్టించండి. రేపు ఇంకో ఊరి కీపర్ కోసం ఇంకెవరైనా ఆ కౌంటర్ ముందు నిలబడితే, సున్నాలు చూస్తూ వెనక్కి రాకూడదు. ఆయన పేరు పెట్టండి సార్. మళ్లీ అదే అడుగుతున్నాను, ఇంకేం అడగాలో తెలియక. ఆయన పేరు పెట్టండి.

ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. నాలుగు రసీదులూ, సంతకాలు పెట్టించిన ఆ నలభై జిరాక్స్‌లూ తెస్తాను. మీ ఎదుట చేతులు జోడించినప్పుడు నా కుడిచేతి వేలు ఒకటి పక్కకి నిలబడి ఉంటుంది. మరోలా అనుకోవద్దు, అది వంగదు.

ఇట్లు,
ఒకప్పటి లీగ్ వికెట్ కీపర్,
సికింద్రాబాద్