రేడియేషన్ రోజుల్లో తోడున్నవాళ్ళకి

పోయిన వారం డాక్టరమ్మ చూసి, చర్మం బాగా మానింది, ఇక మూడు నెలలకు రమ్మన్నారు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నా, ఎదురుగా నిలబడితే నాకు మాట పెగల్లేదు. అందుకే అందరూ చూసే చోట రాస్తున్నా. నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు, తర్వాత కీమో ఇచ్చారు, ఆ తర్వాత కర్నూలులో రేడియేషన్.

ఆపరేషన్‌కీ కీమోకీ చుట్టాలందరూ వచ్చారు, పండ్లు తెచ్చారు, ఏడ్చారు. రేడియేషన్ దగ్గరికి వచ్చేసరికి "ఇంకేముంది, పది నిమిషాల పని" అనుకున్నారు. మిషన్ కింద పడుకునేది నిజంగానే కొద్దిసేపు. కానీ శని, ఆదివారాలు తప్ప రోజూ వెళ్ళాలి, మధ్యలో మానకూడదు. కొందరికి 15 సిట్టింగులు, అంటే మూడు వారాలు. కొందరికి 25, అంటే ఐదు వారాలు. అన్నాళ్ళూ ఎవరో ఒకరు నా కోసం తమ పని పక్కన పెట్టుకోవాలి. అట్లా పెట్టుకున్నవాళ్ళకే ఈ కృతజ్ఞతలు.

మొదట మా అమ్మాయికి. రేడియేషన్ ఇచ్చేటప్పుడు ఆ వైపు చెయ్యి తల మీదికి ఎత్తి కదలకుండా పెట్టుకోవాలి. చంకలో గ్రంథులు కూడా తీశారు కాబట్టి నా చెయ్యి భుజం దాకా కూడా లేచేది కాదు. చెయ్యి లేవకపోతే, కిరణాలు ఎక్కడ ఇవ్వాలో ముందుగా చూసుకునే ప్లానింగ్ స్కానే కుదరదన్నారు. ఫిజియోథెరపీ మేడమ్ గోడ మీద వేళ్ళు పాకించుకుంటూ పైకి తీసుకెళ్ళమని నేర్పించారు. నా బిడ్డ ఇంటర్ పరీక్షలకు చదువుకుంటూనే పొద్దునా సాయంత్రం నన్ను గోడ దగ్గర నిలబెట్టేది. వేళ్ళు చేరిన చోట సుద్దముక్కతో గీత గీసేది. నొప్పికి నేను కసురుకుంటే ఏమీ అనకుండా నిన్నటి గీత చూపించేది.

రేడియేషన్ గదిలో పనిచేసే టెక్నీషియన్ చెల్లెలికి ఎట్లా చెప్పుకోవాలో నాకు తెలియడం లేదు. పైబట్ట తీసి బల్ల మీద పడుకోవాలంటే మొదటిరోజు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆమె గుడ్డ కప్పి, కావలసినంత మేరకే తీసి, "అమ్మా, గుర్తు కోసం ఒంటి మీద గీత గీస్తున్నా, చల్లగా తగులుతుంది" అని ముందే చెప్పి చెయ్యి వేసేది. అక్కడున్న అబ్బాయిలు నేను సర్దుకునేదాకా అటు తిరిగి నిలబడేవాళ్ళు. బయట అంతమంది ఎదురుచూస్తున్నా, ఒక్కరోజు కూడా హడావుడిలో ఆ సంగతి మర్చిపోలేదు. మాలాంటి ఆడవాళ్ళు ట్రీట్‌మెంట్ సగంలో వదిలేయకుండా ఉండాలంటే ఆ మర్యాద చాలా అవసరం. అది నేను గట్టిగా చెప్పగలను.

నాది ఎడమ వైపు కావడంతో గుండెకు ఏమవుతుందోనని ఒకటే టెన్షన్. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ వేసి చెప్పారు. గట్టిగా గాలి పీల్చి బిగబడితే ఊపిరితిత్తులు నిండుతాయి, గుండె ఛాతీ గోడకు దూరంగా జరుగుతుంది, ఆ కాసేపట్లోనే కిరణాలు ఇస్తారు. సుమారు 20 సెకన్లు బిగబట్టాలి. నాకు మొదట్లో అంతలోపే దగ్గొచ్చేది. మా ఆయన రాత్రిపూట సెల్‌ఫోన్లో సెకన్లు చూస్తూ, నాతోపాటు తానూ ఊపిరి బిగబట్టి అలవాటు చేయించాడు. గదిలో తలుపు మూశాక నేనొక్కదాన్నే. మైకులో ఆ చెల్లెలి గొంతు వినబడేది, "పీల్చమ్మా, బిగబట్టు, ఇక వదులు" అని. నొప్పి లేదు, వేడి లేదు, మిషన్ తిరిగే చప్పుడు తప్ప.

మొదట్లో వెల్దుర్తి నుంచి రోజూ బస్సులోనే వెళ్ళొచ్చాం. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కావడం పెద్ద సాయమే, నాకూ, తోడొచ్చిన వాళ్ళకూ. కానీ రెండో వారానికి నీరసం ముంచుకొచ్చింది. ఎంత పడుకున్నా తీరే నీరసం కాదు అది. పైన కర్నూలు ఎండ. అప్పుడు మా ఆడపడుచు వచ్చి, "వదినా, శుక్రవారం దాకా మా ఇంట్లో ఉండు, శని ఆదివారాలు మీ ఇల్లు చూసుకుందువు" అని బట్టలు సర్దించి బుధవారపేటకు తీసుకెళ్ళింది. రెండు గదుల ఇల్లు. కూలర్ ఉన్న గది నాకిచ్చి వాళ్ళు మిద్దె మీద పడుకున్నారు.

నాకు మెడ కింద ఎముక పైన కూడా రేడియేషన్ ఇచ్చారు. దాంతో చివర్లో గొంతు మండి మింగడం కష్టమైంది. మా ఆడపడుచు రాగి అంబలి పల్చగా కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి ఇచ్చేది. సంగటి చేసిన రోజు నా ముద్ద వేరుగా మెత్తగా కెలికేది. నేను కారం తినలేకపోతున్నానని ఇంట్లో ఊరిబిండి నూరడమే మానేసింది.

వాళ్ళింట్లో చంటిబిడ్డ ఉంది. రేడియేషన్ పెట్టించుకున్న మనిషి దగ్గర పసిబిడ్డను ఉంచొద్దని ఎవరో చెప్పారు. అది నేను విన్నానని మా ఆడపడుచుకు తెలుసు. మరుసటి రోజు నాతోపాటు ఆసుపత్రికి వచ్చి డాక్టరమ్మనే అడిగింది. బయట నుంచి ఇచ్చే ఈ రేడియేషన్ ఒంట్లో మిగలదు, మిషన్ ఆగగానే అయిపోతుంది, పిల్లల్ని ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు అన్నారు. ఆ సాయంత్రమే బిడ్డను తెచ్చి నా ఒళ్ళో కుడి వైపుకు పెట్టింది. వాకిలి బార్లా తెరిచే ఉంది. ఆ రోజు ఆమె నాకు చేసిన మేలు నేను తీర్చుకోలేను.

మా వీధి టైలరక్క మెత్తని నూలు బట్టతో వదులు జాకెట్లు కుట్టిచ్చింది, చంక దగ్గర కుట్టు ఒరుసుకోకుండా. చెమటకు, రాపిడికి చర్మం ముందు ఎర్రబడింది, తర్వాత నల్లబడింది, చంకలో పొట్టు లేచింది. పసుపు రాయమనీ కొబ్బరినూనె పూయమనీ ప్రేమకొద్దీ చెప్పినవాళ్ళు చాలామంది. డాక్టరమ్మ రాసిచ్చిన క్రీము తప్ప ఏదీ రాయొద్దన్నారు. గోరువెచ్చని నీళ్ళు పోసుకోవాలి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దుకోవాలి, గీసిన గుర్తులు చెరపకూడదు. ఆఖరి సిట్టింగు అయిపోతే మంట తగ్గుతుందని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. నిజానికి ఆ తర్వాతే ఎక్కువైంది. అయిపోయాక కూడా వారం పది రోజులు పెరుగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పి ఉండటంతో నేను భయపడలేదు. ముందే చెప్పే డాక్టరు దొరకడం అదృష్టం.

ఇక మా డ్వాక్రా గ్రూపు అక్కాచెల్లెళ్ళు. మాది బస్టాండు దగ్గర చిన్న టిఫిన్ హోటల్, పొద్దున ఉగ్గాని, బజ్జీ. పొయ్యి సెగ తగలకూడదు, ఎడమ చేత్తో బరువులు ఎత్తకూడదు, ఆ చేతికి సూది గానీ బీపీ పట్టీ గానీ వేయించుకోకూడదు, చెయ్యి వాస్తుంది అన్నారు. హోటల్ మూసేద్దామనుకున్నాం. వాళ్ళు వంతులు వేసుకొని, తెల్లవారుజామునే వచ్చి బొరుగులు నానబెట్టి, బజ్జీలు వేసి, సాయంత్రానికి రూపాయితో సహా లెక్క చెప్పి మా ఆయన చేతిలో పెట్టారు. ఆ నెల నా కంతు కూడా వాళ్ళే కట్టారు. ట్రీట్‌మెంట్ ఆరోగ్యశ్రీలోనే అయింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆ కాగితాలన్నీ ఓపిగ్గా చూసిన ఆరోగ్యమిత్ర తమ్ముడికి, గుంతలు కనబడితే నా చెయ్యి అదరకుండా నిదానంగా పోనిచ్చిన ఆటో తమ్ముడికి కూడా దండాలు.

ఆసుపత్రి హాల్లో ఆదోని నుంచి, ఆలంపూర్ నుంచి వచ్చిన ఆడవాళ్ళు చాలామంది పరిచయమయ్యారు. ఒకామె తోడు వచ్చేవాళ్ళు లేక రేపటి నుంచి రానని ఏడ్చింది. మేం నలుగురం వంతులేసుకొని రోజూ ఫోన్ చేసి పిలిచాం. ఆమె పూర్తి చేసుకుంది.

హోటల్ మళ్ళీ తెరిచాను. గల్లా దగ్గర కూర్చుంటున్నా, పొయ్యి దగ్గర ఇంకా మా ఆయనే. వెల్దుర్తి, డోన్ వైపు నుంచి కర్నూలుకు రేడియేషన్‌కు వెళ్ళే ఆడవాళ్ళు ఎవరున్నా మా హోటల్ దగ్గర దిగి అడగండి. తోడు లేకపోతే నేనొస్తా. మధ్యాహ్నం నుంచి నాకు ఖాళీయే.