సంతకం పెట్టను గానీ...

విశాఖపట్నం,
22-5-2019

అమ్మలూ,

నువ్వు పంపిన అర్జీ చూశాను. మనం చూసిన అమెరికా టీవీ సీరియల్ గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఆఖరిదైన ఎనిమిదో సీజన్ని సమర్థులైన రచయితలతో మళ్లీ తీయించాలట. ఇప్పటికే పది లక్షల సంతకాలు దాటాయి కాబట్టి నాది లేకపోయినా లోటేం లేదు. నేను పెట్టను. ఎందుకో ఫోన్‌లో చెప్పబోతే సగంలోనే "అబ్బా, నీకు తెలీదమ్మా" అంటావు, అందుకే రాస్తున్నాను.

కోపం నీ ఒక్కదానికే కాదు. సోమవారం పొద్దున్న ఆఖరి ఎపిసోడ్ అవగానే పై వాటా కుర్రాడు అరిచిన అరుపుకి, వాళ్లింట్లో ఎవరికో ఏదో అయిందని పరిగెత్తాను. సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్తే మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర కాలేజీ పిల్లలు కూడా ఇదే గోల.

మీ కోపంలో న్యాయం ఉంది. మొదటి ఆరు సీజన్లు పదేసి ఎపిసోడ్లు. ఏడోదానికి ఏడు, ఎనిమిదోదానికి ఆరు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేరడానికే సీజనంతా పట్టిన మనుషులు, చివరికొచ్చేసరికి ఈ సీన్‌లో ఇక్కడ, తర్వాతి సీన్‌లో అక్కడ. ఇంకా ఎపిసోడ్లు ఇవ్వడానికి హెచ్‌బీఓ ఛానెల్ సిద్ధంగానే ఉందట, సీరియల్ రాసి నడిపించిన బెనియోఫ్, వైస్‌లే ఇక చాలన్నారు. ఈ కథకి మూలమైన నవలలు రాస్తున్న మార్టిన్ గారి ఐదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోది ఇంతవరకూ లేదు. పుస్తకం అయిపోయాక సంఘటనలు మిగిలాయి గానీ, వాటి మధ్య మనుషులు ఆలోచించుకునే టైమ్ పోయింది.

డ్రాగన్ల రాణి డెనేరిస్ విషయంలో మాత్రం నేను నీ వైపు రాను. గంటలు మోగి, ఊరు లొంగిపోయాక కూడా జనాన్ని కాల్చేసింది, నిజమే. "ఆవిడ అలాంటిది కాదు" అని ఏడ్చావు. బానిసల వ్యాపారుల్ని కాల్చినప్పుడు మనిద్దరం చప్పట్లు కొట్టలేదూ? మీరీన్‌లో దొరల్ని వరసగా శిలువ వేయించినప్పుడు? మోకరిల్లనన్నందుకు టార్లీ తండ్రీకొడుకుల్ని బూడిద చేసినప్పుడు? పోయినవాళ్లు మనకి నచ్చనివాళ్లు కాబట్టి పట్టించుకోలేదు. పిల్లలకి ఆవిడ బిరుదు ఖలీసీ అని పేరు పెట్టుకున్న అమ్మానాన్నల్ని తలచుకుంటే మాత్రం జాలేస్తోంది.

నా కడుపుమంటంతా సెర్సీ రాణి తమ్ముడు జేమీ గురించి. రెండో ఎపిసోడ్‌లో చలిమంట దగ్గర యోధురాలు బ్రియెన్‌ని మోకాళ్ల మీద కూర్చోమని, కత్తి భుజాలకి ఆనించి నైట్‌ని, అంటే బిరుదున్న వీరురాల్ని, చేస్తాడే, ఆవిడ లేచి నిలబడి నవ్విన ఆ నవ్వు! కళ్లలో నీళ్లు, మొహమంతా వెలుగు. రెండు ఎపిసోడ్లు తిరక్కుండానే అదే మనిషి రాత్రికి రాత్రి గుర్రమెక్కి సెర్సీ దగ్గరికి పోతుంటే, కోట ముంగిట్లో చలిలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పోనీ, అంత చేసి వెళ్లింది దేనికి? ఆ కవల అక్కతో కలిసి ఇటుకల కింద పడి చావడానికి! ఆఖర్న బ్రియెన్, రాజు అంగరక్షకుల ఘనకార్యాలు రాసే ఆ పెద్ద పుస్తకం తెరిచి అతని పేజీ తనే పూర్తి చేసింది, తన గురించి ఒక్క ముక్క రాసుకోకుండా. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. మీ నాన్నగారు "ఎవరు పోయారు?" అని అడిగారు. ఆయనకి ఈ సింహాసనం గోల పట్టదులే. ఏప్రిల్ 11న ఓటేసి వచ్చినప్పటి నుంచీ ఆయన టెన్షన్ వేరే కుర్చీ గురించి, రేపే లెక్కింపు.

తిట్టొద్దని నేననను. డబ్బు కట్టి చూశాం, తిడతాం. మూడో ఎపిసోడ్ యుద్ధం చీకట్లో ఏమీ కనబడలేదని లోకమంతా తిట్టింది. ఆరున్నరకి మన తూర్పు కిటికీలోంచి ఎండ పడుతుంటే నాకైతే టీవీలో నా మొహమే కనబడింది, దుప్పటి కట్టుకుని చూశాను. లోపం మన టీవీల సెట్టింగుల్లోనే ఉందని కెమెరామన్ వాగ్నర్ అన్నప్పుడు ఒళ్లు మండింది కూడా. అయినా ఆ యుద్ధం కోసం 55 రాత్రులు ఆరుబయట చలిలో పనిచేశారు. మళ్లీ తీయమంటే ఆ పనినంతా చెత్తబుట్టలో పడేయమన్నట్టే కదా.

మా చిన్నప్పుడు చందమామలో యక్షపర్వతం, మాయాసరోవరం వచ్చేవి. రాసినవాళ్ల పేరు వేసేవాళ్లు కాదు, అవి దాసరి సుబ్రహ్మణ్యం గారివని పెద్దయ్యాక తెలిసింది. కోపమొస్తే మాంత్రికుణ్ణి తిట్టుకునేవాళ్లం, రచయిత అనే మనిషి ఒకడున్నాడనే తోచేది కాదు. కథ నచ్చని నెలలో నేనూ మీ పెద్దమ్మా డాబా మీద పడుకుని మాకు నచ్చినట్టు మార్చి చెప్పుకునేవాళ్లం.

ఇప్పుడూ అదే చేస్తున్నాను. నా జేమీ కూడా వెళ్తాడు, కానీ సెర్సీ దగ్గరికి చేరకముందే ఊరు తగలబడుతుంది. ఒకప్పుడు ఆ ఊరిని కాల్చకుండా ఆపడానికే పిచ్చిరాజుని వెనక నుంచి పొడిచి, జన్మంతా ద్రోహి అనిపించుకున్నాడు కదా. ఇప్పుడు అదే ఊరు ఆ రాజు కూతురి చేతిలో కాలుతోంది. డెనేరిస్‌ని పొడవాల్సింది సీరియల్లోలా ఆవిడ ప్రియుడు జాన్ కాదు, జేమీయే. అప్పుడు బ్రియెన్ ఆ పేజీలో ఏం రాయాలో నాకు ఇంకా తేలలేదు, వంట చేస్తూ ఆలోచిస్తున్నాను.

నీ ముగింపు ఏమిటో రాసి పంపు. సీరియల్లో చేసినట్టు ఆ కుర్రాడు బ్రాన్‌ని రాజుని చేయడానికి మాత్రం నేనూ ఒప్పుకోను.

ఆశీస్సులతో,
అమ్మ