డ్రోన్ తగిలిన పోలీసు హెలికాప్టర్: మరమ్మతు బిల్లు ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

నేను లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్న తెలుగువాడిని. ఇక్కడి పోలీసు హెలికాప్టర్లకు జరిగే నష్టాన్ని ఎవరు భరించాలన్న విషయాన్ని మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. పెళ్లిళ్లలోనూ జాతరల్లోనూ డ్రోన్ ఎగరేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. 2024 సెప్టెంబరులో విజయవాడ వరదల్లో ఆహారం అందించడానికి హెలికాప్టర్లనూ డ్రోన్లనూ ఒకే ఆకాశంలో తిప్పవలసి వచ్చింది. కాబట్టి ఇది అమెరికాకే పరిమితమైన సమస్య కాదు.

2020 సెప్టెంబరు 18న హాలీవుడ్‌లోని ఒక మందుల దుకాణంలో దొంగలు పడ్డారన్న కబురు అంది వెళ్లిన నగర పోలీసు హెలికాప్టర్‌ను ఒక డ్రోన్ ఢీకొంది. పైలట్ తప్పించబోయినా సాధ్యపడలేదు. ముక్కు భాగం, యాంటెన్నా, అడుగున ఉండే తొడుగులు దెబ్బతినడంతో హెలికాప్టర్‌ను అత్యవసరంగా దించవలసి వచ్చింది. అదే డ్రోన్ పైన తిరిగే ప్రధాన రెక్కలకు తగిలి ఉంటే హెలికాప్టర్ కూలిపోయే ప్రమాదం ఉండేదని అధికారులు కోర్టుకు తెలిపారు. డ్రోన్‌లోని మెమరీ కార్డు సాయంతో దాన్ని నడిపిన వ్యక్తిని గుర్తించారు. అతడు తర్వాత నేరాన్ని అంగీకరించాడు.

హెలికాప్టర్ మరమ్మతు కారు బంపరు మార్చినంత తేలిక కాదు. ధ్రువీకరణ పొందిన విడిభాగాలనే వాడాలి. కంటికి కనిపించని పగుళ్లు ఉన్నాయేమో వెతకాలి. అధికారం ఉన్న సాంకేతిక నిపుణుడు తనిఖీ చేసి సంతకం పెట్టేదాకా అది నేల విడవకూడదు. లోపల కూర్చునేవారి ప్రాణాలతోపాటు కింద ఇళ్లలో ఉన్నవారి ప్రాణాలూ దీనితో ముడిపడి ఉన్నాయి గనుక, నగరం ముందుగా తన ఖజానా నుంచి సొమ్ము చెల్లించి మరమ్మతు పూర్తి చేయించడమే సరైన పని. అయితే ఆ సొమ్మును తిరిగి రాబట్టే బాధ్యత కూడా నగరానిదే.

అది అసాధ్యమేమీ కాదు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని పాలిసేడ్స్ ప్రాంతపు కార్చిచ్చును ఆర్పుతున్న, కెనడాలోని క్యూబెక్ రాష్ట్ర ప్రభుత్వ విమానాన్ని ఒకరి డ్రోన్ ఢీకొని ఎడమ రెక్కకు రంధ్రం చేసింది. అంత మంటల మధ్య ఆ విమానం కొన్నాళ్లు పనికి దూరమైంది. డ్రోన్ యజమాని నేరం ఒప్పుకుని, కనీసం 65,169 డాలర్లయిన మరమ్మతు ఖర్చును పరిహారంగా చెల్లించడానికీ, 150 గంటలు సమాజసేవ చేయడానికీ అంగీకరించాడు. నగర పోలీసు హెలికాప్టర్‌కు నష్టం జరిగిన ప్రతిసారీ ఇదే పద్ధతి పాటించాలని నా అభిప్రాయం.

ఇంతకంటే పెద్ద లెక్క మరొకటి ఉంది. 2023 డిసెంబరులో నగర కంట్రోలర్ (నగర ఖాతాలను తనిఖీ చేసే అధికారి) కెన్నెత్ మెహియా విడుదల చేసిన ఆడిట్ నివేదిక ప్రకారం, అప్పట్లో 17 హెలికాప్టర్లున్న నగర పోలీసు హెలికాప్టర్ విభాగానికి ఏటా సగటున సుమారు 4.66 కోట్ల డాలర్లు, అంటే ఎగిరే ప్రతి గంటకూ 2,916 డాలర్లు ఖర్చయ్యేది. ఎగిరిన సమయంలో 61 శాతం అంత ముఖ్యం కాని పనులకే పోయిందనీ, హెలికాప్టర్ల వల్ల నేరాలు తగ్గుతున్నాయనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదనీ ఆ నివేదిక తేల్చింది. ఆ పనుల్లో ఒక గోల్ఫ్ పోటీ మీదుగా ఎగిరిన ముచ్చట కూడా ఉంది! హాలీవుడ్ ఘటనలో హెలికాప్టర్ వెళ్లింది న్యాయమైన పని మీదే, దానిని తప్పుపట్టలేం. కానీ వేడుకకు వెళ్లిన హెలికాప్టర్ దెబ్బతింటే ఆ బిల్లును పన్ను కట్టేవారు ఎందుకు మోయాలి? 2025లో దాదాపు వంద కోట్ల డాలర్ల లోటు ఎదురై, ఉద్యోగుల తొలగింపు దాకా ఆలోచించిన నగరం ఈ ప్రశ్నను పక్కన పెట్టడం సబబు కాదు.

కాబట్టి మరమ్మతుకు నిధులు కోరే ప్రతి ప్రతిపాదనతోపాటు మూడు వివరాలు జతచేయాలి: దెబ్బతిన్నప్పుడు హెలికాప్టర్ ఏ పని మీద ఉంది, మొత్తం ఖర్చెంత, బాధ్యుల నుంచి ఎంత వసూలైంది. నగర మండలి ఓటు వేయడానికి ముందే ఈ వివరాలను ప్రజలకు వెల్లడించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, లాస్ ఏంజెలెస్