మన స్ట్రాటజీ గేమ్స్ సంఘం వార్షిక నివేదిక: గ్రీకు బడుల మీద గడిచిన ఏడాది

సభ్యులందరికీ నమస్తే. రిపోర్ట్ లేట్ అయింది, తప్పు నాదే, లెక్కల పుస్తకం అల్మారా మీద పెట్టి మర్చిపోయా.

ఈ ఏడాదంతా గ్రీకులతోనే గడిపాం. ఆదివారం పొద్దున ఆట, అయ్యాక టీ తాగుతూ ఆటలో కనపడిందాని అసలు కథ ఒకరు చెప్పాలి. సగం వారాలు చెప్పాల్సినోళ్ళు ఏమీ చదవకుండానే వచ్చారు, పేర్లు రాయట్లేదు, వాళ్ళకే తెలుసు.

బాగా నడిచింది అకాడమీ వారం. 1997లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనే కంప్యూటర్ ఆటలో అకాడమీ కడితే పండితులు రారు, హాప్లైట్లు వస్తారు, అంటే డాలూ బల్లెం పట్టిన కాల్బలం. మన కుర్రాడొకడు "అన్నా, కాలేజీలోంచి సైనికులేంటి, బగ్గా?" అన్నాడు. నవ్వాం గానీ తవ్వి చూస్తే ఆట మరీ తప్పేం కాదు. గ్రీకు తత్వవేత్త ప్లేటో క్రీ.పూ. 387 ప్రాంతంలో ఏథెన్స్ గోడల బయట పాఠాలు మొదలుపెట్టిన అసలు అకాడమీ చోట అప్పటికే తోటా వ్యాయామశాలా ఉన్నాయి, క్రీ.పూ. 335లో ఆయన శిష్యుడు అరిస్టాటిల్ తన బడి పెట్టిన లైసియం అనే చోటు కూడా అంతే, అరిస్టాటిల్ రాకముందు నుంచే అక్కడ సైనికులు కవాతు చేసేవాళ్ళు. క్రీ.పూ. 86లో రోమన్ సేనాని సుల్లా ఏథెన్స్‌ని ముట్టడించి ఈ రెండు తోటల చెట్లూ కొట్టించి ముట్టడి యంత్రాలకి వాడేశాడు. అది విన్నాక మన బాబాయ్ ఒకాయన ఆటలో చెట్లు కొట్టడానికి మనుషుల్ని పంపాలంటే కాసేపు మౌస్ కదపలేదు.

గొడవైంది మాత్రం అలెగ్జాండ్రియా వారం. సివిలైజేషన్ 5 ఆటలో గ్రేట్ లైబ్రరీ, అంటే ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఉండిన పాత పెద్ద గ్రంథాలయం, కడితే ఒక టెక్నాలజీ ఫ్రీ కదా, అక్కడ మొదలై "అది కాలిపోకుంటే ఎప్పుడో చంద్రుడి మీద ఉండేవాళ్ళం" దాకా పోయింది, గంటసేపు అరుచుకున్నాం. నా మాట ఇక్కడ రికార్డులో పెడుతున్నా, అది ఒక్క రాత్రి మంటతో పోయింది కాదు. క్రీ.పూ. 48లో రోమన్ సేనాని సీజర్ ఓడలకి పెట్టిన మంట కంటే చాలా ముందే, క్రీ.పూ. 145 ప్రాంతంలో, ఈజిప్టు రాజు ఎనిమిదో టాలమీ పండితుల్ని ఊళ్ళోంచి వెళ్ళగొట్టాడు. చదివేవాళ్ళు పోయాక పుస్తకాల చుట్టలు ఎన్నుంటే ఏం. ఇంకో ముచ్చట, పాతకాలం గ్రీకు వైద్యుడు గాలెన్ రాసిన ప్రకారం అలెగ్జాండ్రియా వాళ్ళు ఏథెన్స్ వాళ్ళ నాటకాల అసలు ప్రతుల్ని 15 టాలెంట్ల (టాలెంట్ అంటే అప్పటి బరువు కొలత) వెండి డిపాజిట్ కట్టి తెప్పించుకుని, డిపాజిట్ పోతే పోనీ అని అసలువి ఉంచేసుకుని కాపీలు తిరిగి పంపారు. ఇంత మంచి ఎత్తు మనలో ఎవరూ వెయ్యలేదు.

వర్షాకాలంలో ఓ ఆదివారం కరెంట్ పోయింది, హాల్ వాళ్ళు జనరేటర్ వెయ్యలేదు, అద్దె మాత్రం ఫుల్లు తీసుకున్నారు. అప్పుడే నేల మీద సుద్దముక్కతో 8 అడ్డం 8 నిలువు గళ్ళు గీసి పెట్టియా ఆడాం, ప్లేటో అరిస్టాటిల్ ఇద్దరూ ప్రస్తావించిన పాత గ్రీకు ఆట అది. పూర్తి రూల్స్ మిగల్లేదు కాబట్టి గళ్ళ లెక్క మనదే, కానీ మన కాయ ఎదుటివాళ్ళ రెండు కాయల మధ్య ఇరుక్కుంటే పోయినట్టే అన్నది మాత్రం వాళ్ళదే. అరగదీసిన చింతపిక్కలు ఒక జట్టు, అరగదియ్యనివి ఇంకో జట్టు. ఊరు లేనివాడు ఆటలో ఒంటరి కాయ లాంటివాడని అరిస్టాటిల్ ఎందుకన్నాడో నా పిక్క మూలన ఒంటరిగా చచ్చినప్పుడు అర్థమైంది. పులిజూదం ఆడినోళ్ళకి చెప్పక్కర్లేదు, కరెంట్ వచ్చినా ఎవరూ లేవలేదు.

లెక్కలు: చందాలు అద్దెకీ నెట్‌వర్క్ స్విచ్‌కీ సరిపోయాయి, టీ డబ్బులు ఇంకా కొందరు ఇవ్వాలి. వచ్చే ఏడాది పెర్గమాన్ అనే ఇంకో పాత గ్రీకు నగరంతో మొదలుపెడదామని ప్రపోజల్, చేతులెత్తితే చాలు. సంఘం మౌస్ ఒకటి కనపడట్లేదు, ఎవరి బ్యాగ్‌లోకైనా వెళ్ళుంటే ఆదివారం తెచ్చెయ్యండి, చింతపిక్కలు కూడా ఓ గుప్పెడు.