శాంపిల్ ఒకటి, సరుకు ఒకటి: మహిళల గోల్ఫ్ దుస్తుల ఆర్డరుపై ఫిర్యాదు

హైదరాబాద్,
మే 19.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మా బ్రాండుకు కుట్టి ఇమ్మని మార్చి 3న మీకు ఇచ్చిన ఆర్డరు, 360 పోలో టీషర్టులు, 240 స్కార్టులు (పైకి స్కర్టు, లోపల షార్ట్స్). ఇద్దరం ఒప్పుకుని సీల్ వేసిన శాంపిల్‌కు సరిపోలని సరుకు గురించి.

నమస్కారమండీ.

ఈ ఆర్డరు గురించి మీ ఆఫీసుకు ఇప్పటికి నాలుగు మెయిళ్ళు పెట్టాను. నాలుగింటికీ ‘చెక్ చేసి రివర్ట్ అవుతాం’ అన్న ఒక్క ముక్కే వచ్చింది. ఫోన్లో మనం ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడుకున్నాం, రేటు దగ్గర బేరమాడిందీ తెలుగులోనే. అందుకే ఈసారి తెలుగులో, నేరుగా మీకే రాస్తున్నాను.

సరుకు ఏప్రిల్ 28న అందింది. మొదటి అట్టపెట్టె విప్పి, పైనున్న తెల్ల పోలో తీసి వేసుకున్నాను. గుండీ పెట్టుకోబోతే చెయ్యి తడబడింది. గుండీలు కుడివైపున ఉన్నాయి. ఆడవాళ్ళ చొక్కాకు గుండీలు ఎడమవైపు కుడతారని బట్టల వ్యాపారంలో ఉన్న మీకు నేను చెప్పాలా? మనం సీల్ వేసుకున్న శాంపిల్‌లో సరిగ్గా ఎడమవైపే ఉన్నాయి, ఇప్పుడు నా ముందే ఉంది అది. అప్పుడే అనుమానం వచ్చి టేపు తెచ్చాను. ఎమ్ సైజుకు నేను కొలతలు రాసిచ్చిన స్పెక్ షీట్‌లో భుజం 14½ అంగుళాలు. వచ్చింది 16¼. ఇంకో పది పీసులు తీసి కొలిచాను. ఎస్, ఎమ్, ఎల్, ఏది చూసినా అదే తంతు. మీ దగ్గర అంతకుముందే కట్ చేసి పెట్టుకున్న మగవాళ్ళ ప్యాటర్న్ ఏదో తీసి, దాని మీద మా లేబుల్ కుట్టి పంపారు. ఇది కాదని మీరంటే, గుండీలు అటువైపుకు ఎలా వెళ్ళాయో చెప్పండి.

దీని మీద, మా ఆర్డరు చూసుకునే మీ మర్చండైజర్ అబ్బాయి ఫోన్లో ఇచ్చిన జవాబు: “లేడీస్‌కి కొంచెం లూజుగా ఉంటేనే కంఫర్ట్ కదా మేడం.”

కాదు బాబూ అని అప్పుడే చెప్పాను. మీకూ చెబుతున్నాను. గోల్ఫ్‌లో క్లబ్బు, అంటే బంతిని కొట్టే కర్ర, వెనక్కి ఎత్తినప్పుడు ఎడమ భుజం గడ్డం కిందికి వస్తుంది. చంక లోతుగా కట్ చేస్తే చెయ్యి హాయిగా ఆడుతుందని అందరూ అనుకుంటారు. జరిగేది వేరు. చంక కిందికి దిగితే, చెయ్యి ఎత్తగానే దానితో పాటు చొక్కా మొత్తం పైకి లేస్తుంది, నడుం బయటపడుతుంది. ప్రతి షాటుకీ ఒక చేత్తో క్లబ్బు పట్టుకుని ఇంకో చేత్తో చొక్కా కిందికి లాక్కోవాలి. 18 హోల్స్, అంటే ఒక పూర్తి ఆట, నడిచేసరికి నాలుగు గంటలకు పైనే పడుతుంది. ఆ నాలుగు గంటలూ ఇదే పని. అది పోవాలనే ఆ ప్యాటర్న్ మీద నేను ఐదు నెలలు కూర్చున్నాను.

అసలు ఈ వ్యాపారమే అక్కడ మొదలైంది. నేను గోల్కొండ నయాఖిల్లా పక్కనున్న గోల్ఫ్ కోర్సులో ఆట నేర్చుకునే రోజుల్లో, షాపుకు వెళ్ళి ఆడవాళ్ళ టీషర్టు కావాలంటే మగవాళ్ళ ఎస్ సైజు తీసి ఇచ్చేవారు. “ఇదే మేడం, అందరూ ఇదే తీసుకుంటారు” అనేవారు. 2021 ఆగస్టు 7, శనివారం, తెల్లవారుజామున లేచి టీవీ ముందు కూర్చున్నాం మా ఇంట్లో. టోక్యో ఒలింపిక్స్ గోల్ఫ్‌లో మన అదితి అశోక్ ఒక్క స్ట్రోకు తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో ఆగిపోయింది. ఆ రోజు గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని మా పిన్ని కూడా ‘అయ్యో’ అంది. ఆ తర్వాత ఆట నేర్చుకుంటామని వచ్చే ఆడపిల్లలు మా కోచ్ దగ్గరే కనిపించడం మొదలైంది. వాళ్ళంతా అన్నల టీషర్టులు వేసుకొచ్చేవారు. ఉద్యోగం మానేసినప్పుడు చేతికొచ్చిన పీఎఫ్ డబ్బు పెట్టి, మగవాళ్ళ ఎస్ సైజు బెడద తీరుద్దామని బయల్దేరితే, మీరు నా లేబుల్ కిందే మగవాళ్ళ ఎస్ సైజు పంపారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదండీ.

ఇక స్కార్టుల సంగతి. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు మీ వాళ్ళు “స్కర్టా, షార్ట్సా, ఏదో ఒకటి చెప్పండి మేడం” అన్నారు. రెండూ, పైకి స్కర్టు, లోపల షార్ట్స్ అని బొమ్మ గీసి పంపాను. పై గుడ్డ 190 జీఎస్ఎం (చదరపు మీటరుకు 190 గ్రాములు) అని పర్చేజ్ ఆర్డరులో రాసుకున్నాం. వచ్చిన తెల్ల స్కార్టును కిటికీ దగ్గర పట్టుకుంటే అవతల మా డాబా మీది నీళ్ళ ట్యాంకు కనబడింది. ఏప్రిల్ 30న మూడు పీసులు లాబ్‌కు తీసుకెళ్ళాను. 100 చదరపు సెంటీమీటర్ల గుండ్రటి ముక్క కోసి తూచి, వందతో హెచ్చిస్తే జీఎస్ఎం వస్తుంది, మీకు తెలిసిన పనే. 1.52 గ్రాములు, 1.49, 1.50. సీల్డ్ శాంపిల్ ముక్క 1.91. జీఎస్ఎంలో ఐదు శాతం అటూ ఇటూ ఉంటుందని మీ వాళ్ళు మెయిల్ పెట్టారు. ఒప్పుకుంటాను. 190కి ఐదు శాతం తగ్గితే 180. ఇది 150. అంటే ఐదో వంతు పైనే గుడ్డ తగ్గింది.

ఆడవాళ్ళ గోల్ఫ్ స్కర్టు అంటే అంత పట్టింపేమిటని మీకు అనిపించవచ్చు. అమెరికాలో మహిళా ప్రొఫెషనల్ గోల్ఫ్ నడిపే ఎల్‌పీజీఏ వాళ్ళు 2017లో తమ ప్రొఫెషనల్ క్రీడాకారిణులకే రూలు పెట్టారు. నిలబడినా వంగినా వెనక భాగం కనబడకూడదు, లోపల షార్ట్స్ ఉన్నా సరే. ఆ రూలు మంచిదా చెడ్డదా అని నేనూ స్నేహితురాళ్ళూ చాలాసార్లు కొట్లాడుకున్నాం, అది వేరే కథ. ఇక్కడ క్లబ్బుల్లోనూ డ్రెస్ కోడ్ ఉంటుంది. నా దగ్గర కొన్నావిడ చెమట పట్టగానే లోపలి జేబు కుట్టు దాకా బయటికి కనబడే స్కర్టుతో టీ మీద, అంటే మొదటి షాటు కొట్టే చోట, నిలబడితే, తిట్లు పడేది మీ మిల్లుకు కాదు, నాకు.

ఇది ఊహ కాదు. మే 10న పొద్దున మా బృందంలో పద్నాలుగు మందికి సెట్లు ఇచ్చి ఆడించాను. ఎండ ఎలా ఉందో మీకు తెలుసు. ఏడో హోల్ దాటకముందే ఇద్దరు విండ్‌చీటర్లు నడుముకు చుట్టుకున్నారు. అందరికంటే పెద్దావిడ, అరవై దాటినావిడ, నా వైపు చూసి “పిల్లా, దీని మీద చున్నీ కప్పుకుని ఆడాలా?” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను.

ఆవిడే తర్వాతి హోల్ దగ్గర వంగింది. లోపలి షార్ట్స్ జేబులోంచి బంతి జారి గడ్డి మీద పడింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది.

ఈ జేబు సంగతి కాస్త వివరంగా రాయాలి. నాకు అన్నిటికంటే బాధ కలిగింది ఇక్కడే. గోల్ఫ్ బంతి చిన్నదే, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదని, బరువు 45.93 గ్రాములకు మించకూడదని రూలు. ఆ మాత్రం బరువుకే సాగే గుడ్డతో కుట్టిన జేబు సంచిలా కిందికి వేలాడుతుంది, నోరు తెరుచుకుంటుంది. ఇది కనిపెట్టింది నేను కాదు, మీ శాంప్లింగ్ గదిలో కుట్టే ఆవిడ. ఫిబ్రవరిలో మీ యూనిట్‌కు వచ్చినప్పుడు నా సంచిలోని బంతి అడిగి తీసుకుంది. కుట్టిన షార్ట్స్ చుడీదార్ మీదే తొడుక్కుని, జేబులో బంతి వేసుకుని మెషీన్ల మధ్య రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. “ఇది జారుతుంది మేడం, జేబుకు సాగని మెష్ వేద్దాం, నోటి దగ్గర సన్నటి ఎలాస్టిక్ పెడదాం” అంది. అలాగే కుట్టింది. కూర్చున్నా వంగినా బంతి కదల్లేదు. ఆ పీసు మీదే ఇద్దరం సీల్ వేసి సంతకాలు పెట్టాం. బల్క్‌లో, అంటే వచ్చిన మొత్తం సరుకులో, ఆ మెష్ లేదు, ఎలాస్టిక్ లేదు. పీసుకు రెండు మూడు రూపాయలు మిగిలి ఉంటాయి మీకు. మీ యూనిట్‌లోనే ఉన్న, పని తెలిసిన మనిషి చెప్పిన మాటను మీరే తీసి పక్కన పెట్టారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. కుట్టు పని బాగుంది. లోపలి షార్ట్స్‌కు వేసిన ఫ్లాట్‌లాక్ (ఉబ్బెత్తు లేని చదును కుట్టు) చాలా శుభ్రంగా ఉంది, ఒక్కరికి కూడా తొడ ఒరుసుకోలేదు. లైన్ మీద కూర్చున్నవాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. తప్పు గుడ్డ కొన్నవాళ్ళది, ప్యాటర్న్ మార్చినవాళ్ళది.

మెరూన్ పోలోల మీద లోగో సంగతి వేరు. పెట్టె విప్పిన రోజు తెల్లగానే ఉంది. మే 9కి గులాబీ రంగుకు తిరిగింది, 120కి 120. ‘రెండు వాష్‌లు అయితే సెట్ అవుతుంది’ అన్నారు మీవాళ్ళు. అవదు. పాలిస్టర్‌కు వేసే డిస్పర్స్ రంగు వేడి తగిలితే ఆవిరై పైకి వస్తుంది. హీట్ ప్రెస్ చేసినప్పుడు అది లోగో తెల్ల ఫిల్మ్‌లోకి ఎక్కుతుంది, ఒకసారి ఎక్కాక దిగదు. శాంపిల్‌కు రంగును ఆపే పొర ఉన్న ఫిల్మ్ వాడారు. బల్క్‌కు మామూలుది వాడారు. అంతే కదా?

గుడ్డ, కొలతలు, జేబు గురించి మే 2నే, అంటే సరుకు అందిన ఐదో రోజున మెయిల్ పెట్టాను. లోగో గురించి మే 9న పెట్టాను. మీ ఇన్‌వాయిస్ కింద ఏడు రోజుల్లో చెప్పాలన్న షరతు ఉంది. మొదటివి ఆ గడువులోనే చెప్పాను. లోగో రంగు మారడం విప్పిన రోజు ఎవరికీ కనబడదు కాబట్టి దానికి ఆ షరతు చూపించకండి. మా మరిది అడ్వకేటు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో 17వ సెక్షన్ చదివి వినిపించాడు. శాంపిల్ చూపించి అమ్మితే సరుకు ఆ శాంపిల్ నాణ్యతలోనే ఉండాలట. 43వ సెక్షన్ ప్రకారం, నేను వద్దన్న సరుకును నా ఖర్చుతో మీకు తిప్పి పంపాల్సిన పని కూడా లేదట. కోర్టుకు వెళ్ళాలన్న సరదా నాకు లేదు. వచ్చే నెల నుంచి పిల్లలకు సెలవు క్యాంపులు లేవు, వానలు పడితే ఆటే తగ్గిపోతుంది. నాకు కావలసింది సెప్టెంబరుకు సరుకు.

కాబట్టి నేను అడిగేది ఇదీ. పోలోలు 360 మీ బండిలో వెనక్కి తీసుకెళ్ళండి. పీసు 410 చొప్పున 1,47,600 రూపాయలు, దాని మీది జీఎస్టీతో సహా క్రెడిట్ నోట్ ఇచ్చి తిరిగి ఇవ్వండి. వాటిని మళ్ళీ మీ చేత కుట్టించుకునే ధైర్యం ఇప్పుడు నాకు లేదు. తెల్ల స్కార్టులు 120 మళ్ళీ 190 జీఎస్ఎం గుడ్డతో కుట్టి ఇవ్వండి, కటింగ్‌కు ముందు గుడ్డ తూకం నా ఎదుట వెయ్యండి. నేవీ బ్లూ 120లో గుడ్డ పలచనైనా రంగు వల్ల కనబడదు. వాటిని పీసుకు 60 రూపాయలు తగ్గించి ఉంచుకుంటాను, కాని జేబులు మార్చి ఇవ్వాలి. మే 31 లోపు మీ సంతకంతో జవాబు కావాలి, మర్చండైజర్ సంతకంతో కాదు.

ఈ ఉత్తరంతో పాటు లాబ్ రిపోర్టు, స్పెక్ షీట్, రెండు పోలోలు, ఒక తెల్ల స్కార్టు కొరియర్‌లో పంపుతున్నాను. సీల్డ్ శాంపిల్ మాత్రం నా దగ్గరే ఉంటుంది. పార్సిల్‌లో ఒక గోల్ఫ్ బంతి కూడా పెట్టాను. అది మీకు కాదు. కొత్త జేబు కుట్టాక శాంప్లింగ్ గదిలో ఆవిడకు ఇచ్చి, ఒకసారి అటూ ఇటూ నడవమనండి. ఆవిడ సరే అన్న పీసు మీదే నేను సంతకం పెడతాను.

ఇట్లు,
మీ దగ్గర ఆర్డరు పెట్టిన,
మహిళల గోల్ఫ్ దుస్తుల బ్రాండు యజమానురాలు